పాటకొచ్చిన మనిషి

పేరు పడింది! పాట కింద పేరు పడింది! పాట పాడిన ముసలమ్మ పేరు ఇంటిపేరుతో సహా, ఊరి పేరుతో సహా అచ్చయింది. ఊరి పేరులో ఒక అక్షరం తప్పు పడింది గానీ, ఆ ఊరివాళ్లే తమ ఊరిని నాలుగు రకాలుగా పలుకుతారు కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి ఫోను తీస్తే అమెరికా నుంచి ఒక ఫొటో వచ్చి ఉంది. కొత్త పాటల రికార్డు అట్ట, వెనక వైపు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. వేళ్లతో పెద్దవి చేసి చదివాను. మళ్లీ చదివాను. పాలు పొంగిపోయాయి. ఇంట్లో చెప్పుకుందామంటే ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే గ్యాసు బండ తెచ్చినతను గుమ్మంలో నిలబడ్డాడు.

"పేరు పడిందయ్యా!" అన్నాను.

"మంచిదమ్మా. ఓటీపీ సెప్పండి" అన్నాడు.

ఆ పేరేమిటో ఇక్కడ రాయను. రాయొద్దని ఆమే చెప్పింది. "నా పేరు నా పాట కిందుండాల. నీ కతలో నాకేటి పని?" అంది. అంచేత ఇందులో ఎవరి పేరూ ఉండదు, నాది కూడా. ఇది చదివే పిల్లలు కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లయితే, పేర్లు లేకుండా మనుషుల్ని పోల్చుకోవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. ఉద్యోగంలో సగం పని అదే.

మా ఇంట్లో, మా వీధిలో, ఆ మాటకొస్తే మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ప్యాసయ్యానని పరిగెత్తుకొచ్చి చెబితే మా నాయనమ్మ, "ఏటే, బియ్యేనా, బియ్యమా? ఎన్ని కుంచాలే?" అంది. నవ్వకండి. కూలికి వెళ్లి బియ్యం తెచ్చుకునే ఇంట్లో ఆ మాట అలాగే వినిపిస్తుంది. రిటైరయ్యాక కూడా కొరియరు కాగితం మీద సంతకం పెట్టమంటే చివర్న బి.ఏ. అని రాసే తీరతాను.

నేను చేసింది ప్రభుత్వ ప్రచారం చేసే ఒక చిన్న ఆఫీసులో. ఒక జీపు, జీపు మీద మైకు, మైకు కింద మేము. ఊళ్లకి వెళ్లి అక్కడివాళ్ల వరసలు తీసుకుని వాటిలో మా మాటలు కూర్చేవాళ్లం. ఊడుపుల పాట వరసలో మరుగుదొడ్లు. జోలపాట వరసలో పోలియో చుక్కలు. ఆ వరస ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు, మేమూ చెప్పేవాళ్లం కాదు. వరస అంటే గాలిలాంటిది, ఎవరైనా పీల్చుకోవచ్చు అని మా ఆఫీసు నమ్మకం.

నా సర్వీసు చివర్లో ఒకరోజు ఆఫీసరు గారు పిలిచారు. ఆయన మంచివారే. కానీ ఎవరైనా నమస్కారం పెడితే ఎందుకు పెట్టాడా అని సాయంత్రం దాకా ఆలోచించే మనిషి.

"అమెరికా నుంచి ఒక సంగీతం ఆవిడ వస్తోంది. ఊళ్లు చూపించమని పై నుంచి ఫోను. మన ఆఫీసులో ఇంగ్లీషు వచ్చినవారు మీరొక్కరే."

"నాది హిస్టరీ అండీ."

"బి.ఏ. కదా?"

"బి.ఏ. అండీ."

"చాలు. ఆమె ఎవరిని కలిసింది, ఏమడిగింది, సంచిలో ఏం పెట్టుకుంది, రోజూ నాకు చెప్పాలి." గొంతు తగ్గించారు. "వాళ్ల పూర్వీకులు ఆఫ్రికావాళ్లట. పూర్వీకుల పాటలు వెతుక్కుంటోందట. వెతుక్కుంటే ఆఫ్రికాలో వెతుక్కోవాలి. కోటబొమ్మాళిలో ఏముంది?"

ఆ ప్రశ్న నాకూ సబబుగానే తోచింది.

ఆవిడ రైలు దిగింది. పొడుగ్గా, నల్లగా, జుట్టంతా సన్నజడలు వేసుకుని, భుజాన పొడుగాటి పెట్టెతో. మా డ్రైవరు ఆమెను చూసి, నా వైపు వంగి, "అమెరికా అన్నారు కదా మేడమ్. అమెరికా అయితే తెల్లగా ఉండాల. ఎక్కడో ఏదో తేడా ఉన్నాది" అన్నాడు. ఆ పెట్టెలో ఏముందో చూసేదాకా అతనికి జీపు స్టార్టు చెయ్యబుద్ధి కాలేదు. ఆవిడ పెట్టె తెరిచి చూపించింది. ఎండిన సొరకాయ బుర్రకి తోలు బిగించి, కర్ర దిగేసి, తీగలు కట్టిన వాయిద్యం.

"బ్యాంజో" అంది.

"ఇది బ్యాంజో ఏటి?" అన్నాడు డ్రైవరు. "మన బ్యాండు మేళంలో బ్యాంజో నేను సూడనిదా? టైపు మిషనులాగ మీటలుంటాయి. దీనికి ఒక్క మీటయినా నేదు. అబద్ధం, మేడమ్."

అతనిది గరివిడి గనుల వైపు. నేల తవ్వితే ఏదో ఒకటి దొరికే ప్రాంతంలో పుట్టినవాడు కాబట్టి అతని ఆలోచన ఎప్పుడూ నేల కిందకి వెళుతుంది. రెండో రోజుకి అతను తేల్చేశాడు. "ఆ బుర్రలో మిషనున్నాది మేడమ్. నేల మీద మడమేసి కొడతన్నాది సూసినారా, తాళం అనుకుంటన్నాం మనం. అడుగున ఏటున్నాదో అది సెప్తాది."

ఇక నా ఇంగ్లీషు సంగతి. నేను చదివిన ఇంగ్లీషు ఆవిడ మాట్లాడలేదు. నాకు అర్థమైనంతవరకు ఆమె చెప్పింది ఇదీ. ఆమె ఊరు అమెరికాలో దక్షిణాన సముద్రం ఒడ్డున. అక్కడ ఒకప్పుడు అంతా వరి. వరి పండించడం తెలిసిన మనుషులని ఎంచి మరీ ఆఫ్రికా నుంచి సంకెళ్లు వేసి తెచ్చారు. వాళ్ల ఆడవాళ్లు తెల్లవార్లూ వడ్లు దంచారు. దంచుతూ పాడారు. ఇప్పుడక్కడ దంపుళ్లు లేవు, రోళ్లు ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. పాట మాత్రం వాళ్ల అమ్మమ్మ నోట ఆమె దాకా వచ్చింది. "ఆఫ్రికా వెళ్లొచ్చాను" అంది. "ఇప్పుడు వడ్లు దంచిన చేతులు ఎక్కడున్నాయంటే అక్కడికి వెళుతున్నాను. పాట ఉంది, పని లేదు. పనిలో పాట ఎలా ఉంటుందో వినాలి." ఆమె కచేరీల్లో పాడేది ఆ జానపదాలూ, బ్లూస్ అనే ఒక రకం పాటలూ అని కూడా చెప్పింది.

ఆ బ్లూస్ దగ్గరే నా డిగ్రీ నన్ను ముంచింది. సాయంత్రం ఆఫీసరు గారికి చెప్పేటప్పుడు తెలుగు మాట కావాలి కదా. నీలం కాబట్టి, "నీలి పాటలు పాడుతుందండీ" అన్నాను.

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నీలి పాటలా! ఆడవాళ్ల దగ్గరా?"

దుఃఖం పాటలని సర్దిచెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన నమ్మలేదు. "దుఃఖం ఉన్న మనిషి అంత దూరం టిక్కెట్టు కొనుక్కుని వస్తుందా?" అన్నారు.

చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. ఆవిడ చేసే పనులు అలా ఉన్నాయి. ధాన్యం మిల్లు వెనకాల ఊక గుప్పెడు తీసి కవర్లో పోసుకుంది. మడి గట్టున నిలబడి, "ఈ నేల ఎవరిది? ఇందులో పనిచేసేవాళ్లదేనా?" అని అడిగింది. ఊళ్లో ఆడవాళ్ల అరచేతులు తిప్పి చూసింది. మా వైపు ఊళ్లలో ఇలాంటివి ఎవరు చేస్తారో అందరికీ తెలుసు. ముందు ఒకరొచ్చి మట్టి పట్టుకెళతారు. తర్వాత ఇంకొకరొచ్చి కొలతలు వేస్తారు. ఆఖర్న ఫ్యాక్టరీ వస్తుంది.

జీపులో ఒకసారి ఆవిడ ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "ఇవాళ నా గురించి ఏమని చెప్పబోతున్నావు?" అంది. నేను చేతిసంచి సర్దుకున్నాను. ఆమె కోపగించుకోలేదు. "మా నాన్నని కూడా, నల్లవాళ్ల హక్కుల సభలకి తిరుగుతున్నాడని, ఇలాగే ఎవరో అనుసరించేవాళ్లు. అడుగుల చప్పుడు నాకు అలవాటే" అని కిటికీలోంచి బయటికి చూసింది. అనుమానించేవాళ్లకి ఒక ధీమా ఉంటుంది, మనల్ని ఎవరూ అనుమానించడం లేదని. అది ఆ క్షణాన పోయింది.

కోటబొమ్మాళి అవతల ఒక ఊళ్లో దంపుళ్ల పాటలు తెలిసిన ముసలమ్మ ఉందంటే వెళ్లాం. మిల్లు వచ్చాక ఊరంతా రోళ్లు తిరగేసినా ఈమె మాత్రం కొత్త ధాన్యం వస్తే అటుకులు ఇంట్లోనే దంచుతుంది. మేం వెళ్లేసరికి వాకిట్లో చేట పట్టుకుని కూర్చుంది. మమ్మల్ని చూడలేదు, జీపుని చూసింది.

"ఇదే జీపు" అంది.

"ఏ జీపు మామ్మా?"

"ఆ బావు దిగిన జీపు. నువ్వెవులు?"

ఆఫీసులో పనిచేస్తానని చెప్పాను. అలవాటు కొద్దీ, బి.ఏ. చదువుకున్నానని కూడా చెప్పాను.

"బియ్యే అయితే యిను" అంది. నేనింకా ఆ ఆఫీసుకి రాకముందు, ఇదే జీపులో ఎవరో ఒకాయన వచ్చాడట. ఆమె చేత దంపుడు పాట పాడించుకున్నాడట. "మర్సటేడు జాతర్లో మైకులో నా పాటే! సినిమా పాటట. వరస నాది, మాటలు మార్సినారు. పోనీ అనుకున్నాను. రోలు కాడ పాడతంటే మా ఊరోళ్లే ఏటన్నారో తెల్సా? 'ముసల్దానా, సినిమా పాట బలే నేర్సేసినావే!' అన్నారు. నా పాట నానే దొంగిలించినానంట! అప్పట్నించి నోరు మూసీసినాను." చేట కింద పెట్టింది. "ఈవిడి దేనికొచ్చినాది?"

"పాట కోసం, మామ్మా."

"పాట నేదు, గీట నేదు. ఎల్లండి."

ఆవిడకి నేను తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది. చెయ్యి విసిరితే ఏ భాషలోనైనా ఒకటే అర్థం. జీపెక్కాక విషయం మాత్రం చెప్పాను. ఆవిడ ఆ వాకిలి కనబడినంతసేపూ వెనక్కి తిరిగి చూసింది. తర్వాత, "ఆమె చేసింది సబబే. మా అమ్మమ్మ పాట కూడా ఒకాయన పట్టుకెళ్లి తన పేరు వేసుకున్నాడు. నేనైనా తలుపు వేసేదాన్ని" అంది.

అయినా మర్నాడు ఊళ్లో తను పాడతానంది. వినేవాళ్లు వింటారు, ముసలమ్మ రాకపోతే పోనీ అంది. ఊరికి కబురు చెప్పే పని మా డ్రైవరుది. అతను ఎన్నో ఏళ్లుగా ఆ మైకులో ఎన్నో రకాల ప్రకటనలు చదివి ఉన్నాడు, ఏ ప్రకటనకైనా ఒకే భాష వాడతాడు. నేను టీ తాగుతుంటే వీధి మలుపులోంచి వినబడింది.

"రేపు ఉదయం పంచాయతీ అరుగు వద్ద పాట జరుగును! అమెరికా వారు పాడెదరు! ఆసక్తి గలవారు వచ్చి పాడవలెనని కోరడమైనది!"

నాకు ఏ తప్పూ తోచలేదు. హిస్టరీ చదివినా నాకు అప్పుడు తట్టలేదు, ఆ ఊరి చెరువులో చేపల హక్కు గడువు ఆ నెలతోనే తీరిందని, ఊరంతా ఆ వేలం పాట కోసమే చెవులు నిక్కించుకుని ఉందని.

మర్నాడు వెళ్లేసరికి పంచాయతీ అరుగు చుట్టూ మగవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. పాట వినడానికి ఇంతమందా అని నేను మురిసిపోయాను. కుర్చీలో మాజీ ప్రెసిడెంటు గారు కూర్చుని ఉన్నారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. ముసలమ్మ అరుగు చివర, అందరికీ వెనకాల నిలబడి ఉంది.

"అమ్మా, ఈవిడ ఏ కంపెనీ తరపున పాడతాది?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"కంపెనీ ఏమీ లేదండీ. సొంతంగానే పాడుతుంది."

"సొంతంగానా! ఎందాకా పాడతాది?"

"మీరు కూర్చోవాలే గానీ, మధ్యాహ్నం దాకా పాడగలదు."

గుంపులో కదలిక వచ్చింది. "సూసినావురా బావా, మజ్జేనం దాకా పాడతాదట. మనం ఆగగలమేటి?"

"ముందు ఈవిడ పాడతాదా, ఊరోళ్లు పాడాలా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ముందు ఊళ్లోవాళ్లు పాడితే మంచిదండీ. అది విని, దానికి తగ్గట్టు ఆవిడ పాడుతుంది."

"అదీ సంగతి! మన పాట యిని పైన పాడతాదట!" అని ఎవరో అరిచారు. "మన సెరువు మీద అమెరికోళ్ల పెత్తనం ఏటి? ధరావతు కట్టినాదేటి? అడగండి!"

వేలానికి ముందు కట్టే ధరావతు మాట వినబడ్డాక గానీ నాకు వెలగలేదు. వెలిగేసరికి మా చుట్టూ మనుషులు కమ్ముకున్నారు. డ్రైవరు జీపెక్కి తలుపు వేసుకున్నాడు. రోట్లో తల పెట్టి రోకటిపోటుకి వెరవకూడదంటారు. అది చెప్పినవాడు ఆ అరుగు మీద నిలబడి ఉండడు.

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏం జరుగుతోంది?" అంది. చుట్టూ మగవాళ్లు గుండ్రంగా నిలబడి తన వైపే చూస్తుంటే ఆమెకి ఏం గుర్తొస్తోందో నాకు అప్పుడు తెలియదు.

"పొరపాటు పడ్డారు" అన్నాను. "మా భాషలో పాటకీ వేలానికీ మాట ఒకటే. ఇది వేలం అనుకుంటున్నారు."

"వేలమా? అమ్మేది ఏమిటి?"

"చేపలు."

"చేపలా!" అని నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. అరుగు అంచు మీద కూర్చుంది. "వీళ్లకి చెప్పు. మా అమ్మమ్మకి ముత్తవ్వని ఇలాగే ఒక అరుగు మీద నిలబెట్టారు" అంది.

నా చేతిలో ఉన్నది ఒక్క మాటే. పాట అనకుండా ఆ సంగతి ఆ ఊరికి చెప్పే దారి లేదు. "ఈవిడ అమ్మమ్మకి ముత్తవ్వని పాట పెట్టి అమ్మేశారట" అన్నాను.

"ఎవుల్ని? మనిసినా?"

"మనిషినే."

"మనిసిని పాటెట్టడం ఏటి?" అన్నాడు ఒకాయన. ఆయన సంతల్లో పశువుల బేరాలు చేసే మనిషి. "సంతలో ఎద్దుకి సూసినట్టు పళ్లు సూసినారేటి?" మామూలుగా ఎగతాళికే అడిగాడు. నేను అడిగి తెలుసుకుని, చూశారట అని చెప్పాను. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

అరుగు చివర్నించి ముసలమ్మ గొంతు వచ్చింది. "ఆ ముసల్దాని పేరేటి?"

అడిగాను. "తెలీదట, మామ్మా. కొన్నవాళ్లు ఏదో పేరు పెట్టారట. సొంత పేరు ఎవరికీ తెలీదట."

"పాటో?"

"పాట ఉందట. కూతురికీ, ఆమె కూతురికీ, అలా ఈవిడ దాకా వచ్చిందట."

ముసలమ్మ జనాన్ని మోచేతుల్తో తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆవిడని కింద నుంచి మీద దాకా చూసింది. "మనలాగే ఉన్నాది కదే. అమెరికా దొరసానన్నారేటి? పాడమను. సినిమా పాటయితే నాకు తెలిసిపోతాది."

ఆవిడ పెట్టె తెరవలేదు. మడమతో నేల కొడుతూ పాడింది. ఒక ముక్క పాడి ఆగడం, మళ్లీ ఒక ముక్క, మళ్లీ ఆగడం. ముసలమ్మ కళ్లు చిట్లించి, దొంగ నాణెం మోగించి చూసినట్టు వింది. ఆ ఆగినచోటల్లా ఆమె కుడిచెయ్యి తనకి తెలియకుండానే కొంచెం పైకి లేచి దిగుతోంది. అది నేనూ చూశాను, ప్రెసిడెంటు గారూ చూశారు. పాట అయ్యాక మాత్రం ఆమె ముఖం అలాగే ఉంది.

"దంపుడే" అంది. "రోకలి తెండి."

జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడ సంచిలోంచి పాట రికార్డు చేసే చిన్న డబ్బా తీసింది. అంతలోనే ముసలమ్మ చెయ్యెత్తింది. "ఆగండి. దంపుడు ఇద్దరు పాడాల. ఒకలు ఎత్తాల, ఒకలు అందుకోవాల. ఎత్తేది పాడతాను. అందుకునేది పాడను."

"అదేమిటి మామ్మా? సగం పాటా?"

"సగమే. ఎత్తేదాంట్లో అడగడం ఉంటాది, అందుకునేదాంట్లో జవాబుంటాది. జవాబు నా కాడే ఉంటాది. పాట కింద నా పేరొచ్చినాక మిగతాది. ఆ డబ్బీ ఎట్టుకోమను, నాకేటి బయం నేదు. సగం పాట దొంగిలిస్తే ఎవులికి పనికొస్తాది?" నా వైపు తిరిగింది. "బియ్యే, మాటియ్యి. పేరు రాకపోతే నిన్నే అడుగుతాను. ఆవిడి అమెరికాలో ఉంటాది, నాకు దొరకదు. నువ్వు దొరుకుతావు."

సర్వీసులో నేను ఎన్ని హామీలు మైకులో చదివానో లెక్కలేదు. మైకు లేకుండా ఇచ్చింది ఇదొక్కటే. ఇస్తున్నప్పుడే ఇది నెరవేరదని లోపల ఒక మూల అనుమానం. ఆవిడ మంచిదే కావచ్చు, కంపెనీలు మంచివని ఎవరు చెప్పారు?

ముసలమ్మ రోకలెత్తింది.

"దంచిందెవులే సెల్లీ, తిన్నాదెవులే..."

రోకలి పడింది. జవాబు రావాల్సినచోట నోరు మూసుకుంది. ఆ ఖాళీ ఎంత పెద్దదో చెప్పలేను. రెండోసారి ఎత్తింది, మళ్లీ ఖాళీ. మూడోసారి ఆ ఖాళీలోకి ఆవిడ తన పాట ముక్క వేసింది. ఒక్క తెలుగు మాట తెలియదు, అడిగిందేమిటో తెలియదు. అయినా సరిగ్గా రోకలి లేచి దిగే సందులో అందుకుంది. ముసలమ్మ ఆపలేదు. ఇంకో రోకలి ఆవిడ చేతికిచ్చారు. మొదట రెండు రోకళ్లూ ఠంగుమని కొట్టుకున్నాయి. "సేతులు పగలగొడతాదేటే!" అని ముసలమ్మ తిట్టింది. తర్వాత కుదిరింది. అడిగేది మా భాష, అందుకునేది వాళ్ల భాష. రోట్లో వడ్లు మాత్రం ఒకటే.

అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా వైపు పనికి చప్పట్లు కొట్టరు. ప్రెసిడెంటు గారు మాత్రం పాటల దగ్గర కూర్చునే అలవాటు వల్లనో, ఏదో ఒకటి అనాలనో, "ఒకటోసారి..." అన్నారు. జనం నవ్వారు. "రెండోసారి..." అన్నారు.

"మూడోసారి అనకు బావూ" అంది ముసలమ్మ. "పేరొచ్చినాక అందువుగాన."

సాయంత్రం ఆఫీసరు గారు, "చివరికి తేలిందేమిటి?" అని అడిగారు. "పాట సగంలో ఆగిందండీ" అన్నాను. "నేను ముందే చెప్పాను కదా, ఏదో ఉందని" అన్నారు తృప్తిగా.

ఆవిడ వెళ్లిపోయింది. మొదట్లో మెసేజీలు వచ్చేవి, తర్వాత తగ్గాయి, ఆ తర్వాత లేవు. ఆ దారిన జీపు వెళితే చాలు, టీ కొట్టు దగ్గర, "ఏటి మేడమ్, పాట ఎంతకి పోనాది?" అనేవాళ్లు. నేను అమ్మేసుకున్నానని ఊళ్లో సగంమంది నమ్మకం. నా రిటైర్మెంటు సభలో డ్రైవరు మైకు పట్టుకుని, "మా మేడమ్ నిజాయితీపరురాలు. అమెరికా సంగతి ఒక్కటీ మనకి తెల్దు" అన్నాడు. నేను కూడా ఆవిడని తిట్టుకున్నాను, ఒకసారి కాదు. ముసలమ్మ దగ్గరకి వెళితే మాత్రం ఆమె తిట్టేది కాదు. "వొచ్చినాదా?" అనేది. "ఇంకా లేదు మామ్మా" అనేదాన్ని. అటుకులు పెట్టేది. ఆ అటుకులు పొట్లం కట్టుకుని వచ్చేసేదాన్ని.

ఇవాళ ఫొటోతో పాటు ఆవిడ పొడుగ్గా రాసింది. రికార్డు కంపెనీవాళ్లు ఆ పాట కింద 'సంప్రదాయ గీతం' అని వేస్తామన్నారట. మనిషి పేరు ఎందుకు, జానపదం కదా అన్నారట. వరస గాలిలాంటిదని మా ఆఫీసులో అనుకున్నట్టే వాళ్లూ అనుకున్నారన్నమాట. ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్లతో తెగతెంపులు చేసుకుని, ఇంకొకరిని వెతుక్కుని, మధ్యలో జబ్బు పడి, ఇన్నాళ్లు పట్టింది. పేరు లేకుండా మెసేజీ పెట్టడానికి మొహం చెల్లలేదట. మొదటి పాట కింద పేరు ఉండాల్సినచోట ఒక ఖాళీ గీత అచ్చు వేయించింది. అది వాళ్ల అమ్మమ్మ ముత్తవ్వది. ముసలమ్మ పేరు ఏడో పాట కింద ఉంది.

పాట కూడా పంపింది, విన్నాను. రెండు రోకళ్లు కొట్టుకున్న ఠంగుమనే చప్పుడు కూడా ఉంచేశారు. ముసలమ్మ అడుగుతూనే ఉంది, దంచిందెవరు, తిన్నదెవరు అని.

ఇంకా ఫోన్లు చెయ్యాల్సినవాళ్లు.

డ్రైవరుకి. గరివిడిలో కొడుకు దగ్గర ఉన్నాడు. బుర్రలో మిషను లేదని ఇప్పటికైనా ఒప్పిస్తాను. ఒప్పుకోడు.

ఆఫీసరు గారికి. "ఎవరు, ఆ నీలి పాటలావిడా?" అంటారు. వాళ్లావిడ పక్కన లేనప్పుడు చెయ్యాలి.

మా చెల్లికి. దానికి ఈ సంగతేమీ తెలియదు, అయినా ఎవరైనా ఒకరు అనుమానం లేకుండా సంతోషించాలి కదా.

పశువుల బేరగాడికి. నంబరు లేదు, ప్రెసిడెంటు గారిని అడగాలి.

ప్రెసిడెంటు గారికి. మూడోసారి అనడానికి సిద్ధంగా ఉండమనాలి. ముసలమ్మ ఊఁ అనేదాకా మాత్రం నోరు తెరవొద్దనాలి.

ఆఖర్న ముసలమ్మకి, మనవరాలి ఫోనుకి. చదివి వినిపించమంటుంది. వినిపిస్తే మనవరాలి చేత మళ్లీ చదివిస్తుంది. ఊరి పేరులో తప్పు అక్షరం ఆ పిల్ల పట్టేస్తుంది, దానికి నన్నే తిడుతుంది. తిట్టనీ. జవాబు ఏమిటని మాత్రం ఫోన్లో అడగను, బస్సెక్కి వెళ్లి రోలు దగ్గరే వింటాను. ఈ ఫోన్లు మాటలు దాచుకుంటాయని ఆమెకి ఎవరో చెప్పారు.